పదముగ్గురు డైరెక్టర్లు

ఆ రోజు పొద్దున్నే సర్వరయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్ళడం, సర్వర్ గదిలో దూరడం, సాయంత్రం ఐదింటిదాకా ఎవరి కంటా పడకుండా కూర్చోవడం. ఇందులో బద్ధకం ఏమీ లేదు. పర్మనెంటు చేయవలసిన వాళ్ళ జాబితా పైఆఫీసుకు వెళ్ళే రోజది. ఆరేళ్ళుగా తాత్కాలికంగా పనిచేస్తున్న మనిషి అలాంటి రోజున కదలకుండా ఉండడమే క్షేమం. కదిలితే ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది. తప్పు దొర్లితే, జాబితాలో అతని పేరు పక్కన మంచి మాట రాయవలసిన చెయ్యి ఆగిపోతుంది.

అతనికి అసలు పేరు వేరే ఉంది గాని, జీతం కాగితాల మీద తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. కంప్యూటర్లు చూసే మనిషి కనుక ఆఫీసంతా కలిసి సర్వరయ్య అని పేరు పెట్టింది. పెళ్ళయిన కొత్తలో భార్య ఆఫీసుకు ఫోన్ చేసి అసలు పేరు చెప్పి అడిగితే, అటువంటి వ్యక్తి ఇక్కడెవరూ లేరని పెట్టేశారు. రెండు రోజులు ఆవిడ చాలా దిగులు పడింది.

"ఏమండీ, ఇవాళ తేలిపోతుందా?" అని అడిగింది ఆవిడ, టిఫిను పళ్ళెం ముందు పెడుతూ.

"ఐదింటికి జాబితా వెళ్ళిపోతుంది. నా పేరు పక్కన డైరెక్టరుగారు ఒక్క వాక్యం రాస్తే చాలు."

"రాయకపోతే?"

"ఎందుకు రాయరు? ఆరేళ్ళలో ఒక్కరోజు సర్వర్ ఆగిందని ఎవర్నైనా చెప్పమను."

"ఆరేళ్ళుగా మీరు ఇదే చెప్తున్నారు, నేను ఇదే వింటున్నాను. మా తమ్ముడికి ఒకటో తారీఖు నుంచి కౌంటరు దగ్గర మనిషి కావాలట. ఇవాళ కాకపోతే ఇంక అక్కడికే. మళ్ళీ జాబితా అన్నారంటే నేను వినను."

తమ్ముడిది కుళాయిల కొట్టు. కిందటేడు ఒక ఆదివారం సాయంగా ఉంటాడని సర్వరయ్యను అక్కడికి పంపింది. బావమరిది చక్రాలున్న ఆఫీసు కుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ, నలుగురు కొనుగోలుదార్ల ముందు, "బావా, ఆ అరంగుళం కుళాయి ఇటందుకో. అది కాదు బావా, పక్కది. అబ్బే, నీకు చెప్పేకన్నా నేనే లేవడం నయం" అన్నాడు. లేవలేదు. ఆ ఆదివారం తలుచుకుంటే సర్వరయ్యకు ఈనాటికీ చెవులు వేడెక్కుతాయి. పర్మనెంటు ఉద్యోగం అంటే అతనికి జీతం కాదు, సెలవులు కాదు, ఆ కుర్చీ చప్పుడు ఇక వినపడకపోవడం.

అతను పనిచేసేది కొలతల సంస్థలో. నగరంలోని కాటాలు, తూకపు రాళ్ళు, మీటరు బద్దలు అన్నీ ఏడాదికోసారి అక్కడికి వచ్చి, కిలో అంటే కిలోయేనని ముద్ర వేయించుకుని పోవాలి. అంతటి సంస్థకు పెద్ద డైరెక్టరుగారు. పది రోజుల కిందట ఆయన మెట్ల మీద కాలు బెణికించుకుని ఇంట్లో పడ్డారు. ఇంటి నుంచే ఆఫీసు కంప్యూటరు తెర చూస్తూ పనిచేసుకునే ఏర్పాటు చేయమని సర్వరయ్యకు ఆజ్ఞ వచ్చింది.

చిక్కల్లా మెమో మేడమ్‌తో వచ్చింది. ఆవిడ పరిపాలనాధికారి. ఎదురుగా నిలబడిన మనిషికి కూడా విషయం కాగితం మీదే చెప్పే అలవాటు వల్ల ఆ పేరు స్థిరపడింది. అప్పటికే ఆవిడ ఒక మెమో ఇచ్చి ఉన్నారు: "ఉపయోగంలో లేని ఫ్యాను, లైటు, యంత్రము, ప్రోగ్రాము ఏదియు నడుచుచుండరాదు." డైరెక్టరుగారు ఏ గంటకు పనిలోకి దిగుతారో ఎవరికీ తెలియదు. ఆయన కోసం తెర చూపించే ప్రోగ్రామును రోజంతా నడిపితే మెమోకు వ్యతిరేకం, ఆపితే డైరెక్టరుగారికి వ్యతిరేకం.

దానికి, సర్వరును నడిపించే లైనక్స్‌లో ఒక మార్గం ఉంది. తెర చూపించే ప్రోగ్రామును పగలంతా మేలుకోబెట్టనక్కర్లేదు. గుమ్మం దగ్గర చిన్న కాపలా పెడితే చాలు. బయటి నుంచి ఎవరైనా తలుపు తట్టినప్పుడే అది ప్రోగ్రామును నిద్ర లేపుతుంది. ప్రోగ్రాము లేచి, వచ్చినవారికి ఒక తెర తెరిచి ఇస్తుంది, వారు వెళ్ళగానే అన్నీ సర్దేసి మళ్ళీ పడుకుంటుంది. సర్వరయ్య రెండు రోజులు కూర్చుని ఈ ఏర్పాటు చాలా ముచ్చటగా చేశాడు. చేసింది చూపించగానే మెమో మేడమ్ రెండో మెమో ఇచ్చారు: "డైరెక్టరుగారు తెరిచిన పనిని వారి అనుమతి లేకుండా ఎవరును, ఏ కారణము చేతను మూయరాదు."

తాత్కాలిక ఉద్యోగికి మెమోతో వాదించే హక్కు లేదు. సర్వరయ్య తన ఏర్పాటులోంచి 'వెళ్ళగానే సర్దేయి' అన్న ఒక్క వరుస తీసేశాడు. రెండు మెమోలూ తృప్తి పడ్డాయి. పరీక్షగా తన పేరుతో తనే ఒకసారి వెళ్ళి వచ్చి, బ్రహ్మాండంగా ఉందని రిపోర్టు ఇచ్చాడు. జాబితా రోజు వచ్చేదాకా డైరెక్టరుగారు ఆ తలుపు తట్టనే లేదు.

ఆ రోజు తొమ్మిదిన్నరకు తట్టారు. తట్టగానే తెరుచుకుంది. ఆయన సంతోషపడి, సర్వరయ్యకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

"ఏమయ్యా, భలే ఉంది. నా గదిలో కూర్చున్నట్టే ఉంది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే దానంతటదే లేస్తోందే."

"అవును సార్. ఇంక ఎవరూ ముట్టుకోనక్కర్లేదు సార్," అన్నాడు సర్వరయ్య, గర్వంగా. మనసులో తన పేరు పక్కన వాక్యం కూడా పూర్తయిపోయింది.

ఆ తరువాత గంటన్నరలో డైరెక్టరుగారి ఇంట్లో జరిగింది అప్పుడు ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆయన జాబితా ఫైలు తెరిచి, ఒక్కొక్క పేరు పక్కన ఒక్కొక్క వాక్యం రాస్తూ వచ్చారు. సరిగ్గా ఆరో పేరు దగ్గర ఉండగా, ఆయన భార్య ఇస్త్రీ పెట్టె పెట్టుకోవడానికి ఖాళీ ప్లగ్గు దొరక్క, గోడకున్న వాటిలో అన్నిటికంటే పనికిమాలినదిగా కనిపించినది పీకేసింది. అది ఇంటర్నెట్ పెట్టెది. రెండు చీరలయ్యాక మళ్ళీ పెట్టింది. డైరెక్టరుగారు మళ్ళీ తలుపు తట్టారు. మళ్ళీ తెరుచుకుంది. కాని లోపల తాను తెరిచిపెట్టిన ఫైలు లేదు, ఖాళీ తెర మాత్రం ఉంది. ఫైలు వెతికి తెరవబోతే ఒక మాట వచ్చింది: "ఈ ఫైలులో ప్రస్తుతం డైరెక్టరు పనిచేస్తున్నారు. మీరు చదవవచ్చు, మార్చరాదు."

డైరెక్టరుగారు ఆ మాటను మూడుసార్లు చదివారు. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయనకు ఎన్నో అడ్డంకులు వచ్చాయి గాని, తన కుర్చీలో తను ఉన్నాను కనుక తను కూర్చోరాదని ఎవరూ అనలేదు. నమ్మకం కుదరక బయటికి వచ్చి మళ్ళీ తట్టారు. అదే మాట. భార్య ట్యాబ్లెట్‌లోంచి తట్టారు. తన ఫోన్‌లోంచి తట్టారు. ఒకవేళ ఆ లోపలున్నవాడు కాఫీకి లేచి ఉంటాడేమోనని పదినిమిషాలు ఆగి మరొకసారి తట్టారు. వాడు లేవలేదు.

ఇక్కడ ఆయన సర్వరయ్యకు ఫోన్ చేసి ఉంటే కథ ఐదు నిమిషాల్లో ముగిసేది. కాని ఇది కంప్యూటరు సమస్యలా ఆయనకు కనపడలేదు. పదవి సమస్యలా కనపడింది. మెమో మేడమ్‌కు చేశారు.

"నా పేరు పెట్టుకుని ఎవడో జాబితా రాస్తున్నాడు. నా గదిలో ఎవడున్నాడో చూడండి."

మేడమ్ సెక్యూరిటీ గార్డును వెంటబెట్టుకుని డైరెక్టరుగారి గదికి వెళ్ళారు. బయట తాళం ఉంది. తీశారు. లోపల ఖాళీ కుర్చీ, దాని వెనక తువ్వాలు, బల్ల మీద పది రోజుల దుమ్ము. తాళం వేసి ఉన్న గదిలో మనిషి లేకుండా పని జరుగుతోందంటే నేరస్థుడు మామూలువాడు కాడని ఆవిడకు అర్థమైంది. అక్కడినుంచి నేరుగా సర్వర్ గదికి వచ్చారు.

సర్వరయ్య ఏసీ చలికి స్వెట్టరు వేసుకుని, కనపడకుండా కూర్చునే తన పథకంలో రెండు గంటలు పూర్తి చేసుకుని ఉన్నాడు.

"ఇప్పుడు డైరెక్టరుగారి పేరు మీద లోపల ఎంతమంది ఉన్నారో చూసి చెప్పండి," అన్నారు మేడమ్.

అడిగినంతవరకే జవాబు చెప్పడం సర్వరయ్య అలవాటు. ఆరేళ్ళు నెగ్గుకొచ్చింది దానివల్లే. ఒక వరుస కొట్టి, వచ్చిన అంకె చూసి, ఆలోచించకుండా చదివేశాడు.

"ఆరుగురున్నారు మేడమ్."

అన్న తరువాత అతనికే అదోలా అనిపించింది గాని, అప్పటికే మేడమ్ ఫోన్‌లో ఉన్నారు. "సార్, ఒకడు కాదు. మొత్తం ఆరుగురు." అటునుంచి ఏం వినపడిందో గాని, "సరే సార్, మీరూ ఒకసారి చూడండి" అన్నారు. ఫోన్ పెట్టేసి, "మళ్ళీ చూడండి," అన్నారు.

"ఏడుగురు," అన్నాడు సర్వరయ్య.

అప్పుడు వెలిగింది అతనికి. ఆ తలుపు తట్టినవారికల్లా కొత్త గది ఇస్తుంది. వెళ్ళిపోయినవారి గది మూయదు, మూయవద్దని మెమో. పాత గదిలో దీపం వెలుగుతూనే ఉంటుంది, ఫైలు తెరిచే ఉంటుంది, లోపల డైరెక్టరుగారు ఉన్నట్టే లెక్క. తొమ్మిదిన్నరకు వచ్చిన డైరెక్టరుగారు ఇంకా కలం పట్టుకుని అక్కడే ఉన్నారు. తక్కిన ఆరుగురూ ఆయన్ని ఎవడివిరా నువ్వని అడుగుతున్న ఆయనే. పరీక్ష చేసిన రోజున తను ఒక్కసారే వెళ్ళొచ్చాడు. రెండోసారి తట్టి ఉంటే తెలిసేది.

"మేడమ్," అన్నాడు. "వాళ్ళు బయటివాళ్ళు కారు మేడమ్."

"అయితే లోపలివాళ్ళేనా? అది ఇంకా ప్రమాదం," అన్నారు మేడమ్. అంటూనే రాసుకున్నారు.

పన్నెండింటికల్లా విచారణ సంఘం ఏర్పడింది. మేడమ్ అధ్యక్షురాలు. కాటాల విభాగం పెద్దాయన ఒక సభ్యుడు, స్టోర్ కీపరు ఇంకో సభ్యుడు. నేరం జరిగిన స్థలాన్ని సభ్యులు స్వయంగా చూడాలి కనుక, డైరెక్టరుగారి పాస్‌వర్డును ఆయన దగ్గర ఫోన్‌లో అడిగి తీసుకుని, పైన 'రహస్యం' అని రాసి, తొమ్మిది ప్రతులు తీసి పంచారు. ఒకటి నోటీసు బోర్డుకు కూడా వెళ్ళిందంటారు. ముగ్గురు సభ్యులూ ఎవరి కుర్చీలోంచి వారు డైరెక్టరుగారి పేరుతో లోపలికి వెళ్ళి చూశారు. ముగ్గురికీ అదే మాట కనపడింది: డైరెక్టరు పనిచేస్తున్నారు, మీరు మార్చరాదు.

"వాడు చాలా నిబ్బరంగా ఉన్నాడు మేడమ్. ఇంతమందిమి వచ్చినా కదలడం లేదు," అన్నారు కాటాల పెద్దాయన.

"ఇప్పుడెంతమంది?" అని సర్వర్ గదికి కబురొచ్చింది.

"పదిమంది," అన్నాడు సర్వరయ్య. ఈ వార్త విని డైరెక్టరుగారు కంగారుగా రెండుసార్లు తట్టారు. పన్నెండుమంది అయ్యారు. ఆ పన్నెండు నిజమో కాదో రికార్డు కోసం మేడమ్ మరోసారి తట్టి చూసుకున్నారు. పదముగ్గురు అయ్యారు. అక్కడితో సర్వర్ ఊపిరి ఆగినంత పనైంది. పదమూడు గదుల్లో దీపాలు పెట్టి, పదమూడు మేజాలు సర్ది కూర్చున్న యంత్రానికి ఇక కాటాల ధ్రువపత్రాలు అచ్చు వేసే ఓపిక లేకపోయింది.

కింద హాల్లో నలభైమంది కాటాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒక్క కాగితం బయటికి రావడం లేదు. ఎందుకు రావడం లేదని అడిగితే గుమాస్తా ఉన్నమాట చెప్పాడు: పైన డైరెక్టర్లు పదముగ్గురయ్యారట, ఎవరు అసలో తేలాలట.

"నా కాటాకు పోయినేడు ముద్ర వేసింది ఎవరండీ మరి?" అని ఇనప సామాను కొట్టాయన లేచాడు. "అది చెల్లుతుందా, చెల్లదా?"

"చెల్లకపోతే ఏడాదిగా నేను అమ్మినవన్నీ ఏం తూకం?" అంది కూరగాయలావిడ. ఆవిడ అడిగిన తీరు చూసి పక్కవాళ్ళు కూడా తమ తమ కాటాల వైపు అనుమానంగా చూసుకున్నారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి రాళ్ళు మరొకరి కాటాలో పెట్టి తూచడం మొదలుపెట్టారు. తేడా వచ్చింది. గొడవ మొదలైంది.

ఆ గొడవ చూసి మేడమ్ మూడో మెమో గేటుకు పంపారు: "డైరెక్టరునని చెప్పుకొనుచు ఎవరు వచ్చినను లోనికి విడువక నిలిపి, వెంటనే తెలియజేయవలెను." సెక్యూరిటీ గార్డు కొత్తవాడు. వారం కిందటే చేరాడు. మెమో జేబులో మడిచి పెట్టుకుని గేటు దగ్గర చాలా శ్రద్ధగా నిలబడ్డాడు.

మూడింటికి సర్వరయ్య ధైర్యం చేసి, పదమూడు గదుల్లో మొట్టమొదటిదాని తలుపు మెల్లగా తెరిచి చూశాడు. జాబితా అక్కడే ఉంది, పొద్దున ఇస్త్రీ పెట్టె వచ్చి ఆపిన చోటే. ఐదు పేర్లకు వాక్యాలు నిండుగా ఉన్నాయి. ఆరో పేరు తనది. దాని పక్కన ఇలా ఉంది: "ఇతని సేవలు మన సంస్థకు". అంతే. ఆ తరువాత చిన్న గీత ఒకటి మినుకుమినుకుమంటోంది.

సర్వరయ్య ఆ గీత వైపు చాలాసేపు చూశాడు. ఇంకొక్క మాట పడితే చాలు. 'ఎంతో అవసరం' అని కొడితే అయిపోతుంది, ఎవరికీ తెలియదు. పదముగ్గురిలో ఏ డైరెక్టరు కొట్టాడో విచారణ సంఘానికి తాతలు దిగివచ్చినా తేలదు. వేళ్ళు మీటల మీదకు వెళ్ళాయి. పోనీ సర్దేసి అందర్నీ ఒక్కదెబ్బతో పంపేస్తే? ఐదుగురి వాక్యాలూ, తన సగం వాక్యమూ గంగలో కలిసిపోతాయి, పైగా మెమో ఉల్లంఘన. పొద్దుటినుంచి ఈ ఆఫీసులో దొంగ డైరెక్టరు ఒక్కడూ లేడు. ఇప్పుడు ఆ ఒక్క మాట కొడితే, నిజంగా ఒకడు తయారవుతాడు. ఆ ఆలోచనకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. వేళ్ళు వెనక్కి తీసుకున్నాడు. కుళాయిల కొట్టు కళ్ళ ముందు కదిలినా తీసుకున్నాడు.

నాలుగుంబావుకు అతని ఫోన్ మోగింది.

"ఏమయ్యా, నన్ను పట్టుకున్నారు," అన్నారు డైరెక్టరుగారు, నీరసంగా.

ఐదింటికల్లా జాబితా వెళ్ళాలి కనుక ఆయనే కుంటుకుంటూ బయల్దేరి వచ్చారట. గేటు దగ్గర ఎవరండీ అంటే డైరెక్టరునని చెప్పారట. గార్డు చాలా మర్యాదగా చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళి స్టూలు వేశాడట. మేడమ్ సంఘం సమావేశంలో ఉన్నారు, ఫోన్ తియ్యడం లేదు.

సర్వరయ్య ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, హాల్లో కాటాల మధ్య నుంచి దూరి, గేటుకు పరుగెత్తాడు. గార్డు గదిలో డైరెక్టరుగారు బెణికిన కాలు బకెట్టు మీద పెట్టుకుని కూర్చున్నారు. గార్డు ఆయనకు మంచినీళ్ళిచ్చి, తను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈయన అసలు డైరెక్టరుగారే," అన్నాడు సర్వరయ్య.

"మీరెవరండీ?" అన్నాడు గార్డు.

సర్వరయ్య తన కార్డు చూపించాడు. దాని మీద 'తాత్కాలికం' అని పెద్ద అక్షరాలతో ఉంది. గార్డు దాన్ని చదివి, గౌరవంగా తిరిగి ఇచ్చి, గుమ్మంలోంచి కదల్లేదు.

"సరే, అతన్ని ఉండనీ," అన్నారు డైరెక్టరుగారు. "ఆ పదముగ్గురి సంగతి ఏమైంది? దొరికారా?"

సర్వరయ్య గోడకు ఆనుకున్నాడు. ఇక దాచి ఏం ప్రయోజనం అనిపించింది. "సార్, తప్పు నాది. వాళ్ళెవరూ దొంగలు కారు. నలుగురేమో మేడమ్ వాళ్ళే, చూడ్డానికి మీ పేరుతో వెళ్ళారు. మిగతా తొమ్మిదిమందీ మీరే."

"నేనా?"

"మీరు వెళ్ళిన ప్రతిసారీ సర్వర్ ఒక కొత్త తెర తీసింది సార్. పాతది మూయవద్దన్నారని నేనే ఆ వరుస తీసేశాను. ఫైలులో పొద్దుటినుంచి పనిచేస్తున్నది మీరే. మిమ్మల్ని ముట్టుకోనివ్వనిది కూడా మీరే."

డైరెక్టరుగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టారు.

"నేను పైఆఫీసుకు రెండు ఉత్తరాలు పంపాను," అన్నారు. "ఆ ఫైలులో ఉన్నవాడు పచ్చి మోసగాడని, పదవికి మచ్చ అని, కఠినంగా శిక్షించమని రాశాను. ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. టైమెంతైంది?"

"నాలుగూ ముప్పై ఐదు."

"ఆ మొదటి తెర తీసుకురా. ఎక్కడ ఆపాను?"

సర్వరయ్య ల్యాప్‌టాప్‌ను నేల మీద పెట్టి తెరిచాడు. "నా పేరు దగ్గర సార్. 'ఇతని సేవలు మన సంస్థకు' అన్నచోట."

"ఆఁ, గుర్తొచ్చింది. 'ఇక అక్కర్లేదు' అని రాయబోయాను."

సర్వరయ్య మీటల మీంచి చేతులు తీసేశాడు.

"ఏం తప్పు చేశాను సార్?"

"తప్పేముందయ్యా. పొద్దున తట్టగానే దానంతటదే లేచింది. ఎవరూ ముట్టుకోనక్కర్లేదని నువ్వే చెప్పావు. ఆరేళ్ళుగా సర్వర్ ఒక్కరోజు ఆగలేదు. అన్నీ వాటంతటవే నడుస్తుంటే మధ్యలో మనిషెందుకు అనిపించింది." ఆయన కాలు కొంచెం సర్దుకున్నారు. "ఇవాళ తెలిసొచ్చింది. నువ్వు లేకపోతే ఈ ఆఫీసులో నేనెవరో చెప్పేవాడు ఒక్కడు లేడు. కాలు సలుపుతోంది, నేను వంగలేను. నువ్వే కొట్టు. 'అత్యవసరం' అని కొట్టు. 'పదముగ్గురు ఆగంతకులను ఒంటరిగా కనిపెట్టి తొలగించెను' అని కూడా వెయ్యి."

"కాని సార్, ఆగంతకులెవరూ..."

"ఉన్నారని పైఆఫీసుకు రాసేశానని చెప్పాను కదయ్యా. ఇక ఉన్నట్టే."

సర్వరయ్య కొట్టాడు. డైరెక్టరుగారి పేరుతో, డైరెక్టరుగారి తెర మీద, తన గురించి తనే. నాలుగూ యాభై ఏడుకు జాబితా వెళ్ళిపోయింది. అది వెళ్ళిన మరుక్షణం ఆయన అనుమతితో పదమూడు గదుల్లోనూ దీపాలు ఆర్పేశాడు. హాల్లోంచి కాగితాలు అచ్చవుతున్న చప్పుడు గేటుదాకా వినిపించింది. అప్పుడే, గార్డు పంపిన కబురు అందుకుని, మెమో మేడమ్ గబగబా వచ్చారు, చేతిలో కాగితంతో. గేటు దగ్గర ఒక ఆగంతకుడు పట్టుబడినట్లు పైఆఫీసుకు ఇప్పుడే తెలియజేశామని గార్డుకు చెప్పబోయి, బకెట్టు మీద కాలును, ఆ తరువాత మెల్లగా తల పైకెత్తి ముఖాన్ని చూశారు. ఆ రోజు మొదటిసారి ఆవిడకు రాయడానికి ఏమీ తోచలేదు.

ఇంటికి వెళ్ళి సర్వరయ్య జరిగినదంతా చెప్పాడు. భార్య మొదట నవ్వింది, తరువాత నవ్వు ఆపేసింది.

"అంటే ఆరేళ్ళు బాగా చేసినందుకు తీసెయ్యబోయి, ఒక్కరోజు పాడుచేసినందుకు ఉంచుకున్నారా?"

"అలాగే ఉంది."

"సరే, ఆ తీసేసిన వరుస మళ్ళీ పెట్టండి," అంది ఆవిడ. కొంచెం ఆగి, "మరీ బాగా పెట్టకండి," అంది. తమ్ముడికి ఫోన్ చేసి మనిషిని వెతుక్కోమని ఆవిడే చెప్పేసింది. సర్వరయ్య అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు. కాని తింటున్నంతసేపూ ఆ 'అక్కర్లేదు' అన్న మాట చెవిలో వినపడుతూనే ఉంది.

నెల తిరిగేసరికి పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. దానికి జతగా మెమో మేడమ్ సంతకంతో అతని విధులు కూడా వచ్చాయి. అందులో మొదటిది: ప్రతిరోజు ఉదయం పది గంటలకు సంస్థలో ఉన్న డైరెక్టర్ల సంఖ్యను లెక్కించి లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. సర్వరయ్య మొదటి రోజునే శ్రద్ధగా లెక్కించి, 'డైరెక్టర్లు: ఒకరు' అని రాసి పంపాడు.

కొలతల సంస్థలో సరిచూడని అంకె చెల్లదని, మరొకసారి లెక్కించి పంపమని మేడమ్ దాన్ని తిప్పి పంపారు.